బియ్యంలో రాసిన పేరు

కొందరు మెటికలు విరుస్తారు. నేను మాటలు విరుస్తాను. చిన్నప్పటినుంచీ ఉన్న దురలవాటు. విరిచినదాన్ని మళ్ళీ అతికించడం మాత్రం ఎన్నడూ చేతకాలేదు. తిరుపతిలో గది తీసుకుని విద్వాన్ పరీక్షకు చదివే రోజుల్లో ఈ అలవాటుకు పాండిత్యం అని పేరొచ్చింది. ఆ పేరు పెట్టింది నేనే కాబట్టి ఎవరూ కాదనలేదు.

అప్పట్లో నేను విరిచిన మాటల్లో అలివేలు ఒకటి. మా వైపు ఈ పేరు లేని వీధి వెతకాలంటే పగలు దివిటీ పట్టుకుని తిరగాలి. తిరుచానూరు అమ్మవారి పేరు. తిరుపతి నుంచి పుత్తూరు దాకా ప్రతి మూడో గడపలో ఒక అలివేలమ్మో, అలమేలో, మంగమ్మో, ఒట్టి మంగో ఉండేది. ఇంతమంది మోస్తున్న పేరుకు అర్థమేమిటని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. "అమ్మోరి పేరప్పా, దానికి అర్థం యాడుంటాది?" అన్నవాళ్ళే అందరూ. నేను మొదట తెలుగులోనే విరిచి చూశాను. ఆలి, వేలు. వేలమంది ఆలులా, వేలెడంత ఆలియా? రెండు విధాలా తన్నులు తినే అర్థాలే వచ్చాయి. చివరికి మా గది పక్కన ఉండే అరవ పంతులుగారు జాలిపడి చెప్పారు. అసలు మాట అలర్ మేల్ మంగై. అలర్ అంటే విచ్చిన పువ్వు. మేల్ అంటే పైన. మంగై అంటే పడుచు. పువ్వు మీద కూర్చున్న పడుచు. కొండ దిగి మన నోళ్ళలో పడేసరికి రేఫ రాలిపోయింది, మకారం మెత్తబడి వకారమైంది, పువ్వు ఎక్కడో జారిపోయింది. అరవంలో మేల్ అంటే పైన, మనకు మేలు అంటే మంచి. పైనున్నది మనదాకా వస్తే మంచి అవుతుందని ఆ రోజు తెగ సంబరపడ్డాను.

ఈ అర్థాన్ని కనబడినవాళ్ళందరికీ చెప్పుకు తిరిగాను. ఒకసారి మాత్రం చెప్పకూడని వేళ, చెప్పకూడని మనిషికి చెప్పాను. ఆ పూటే మదనపల్లె వైపు ఒక క్షయ ఆస్పత్రిలో మా అక్కకు దొరికిన మంచం పోయింది. ఇక్కడ రాస్తున్నదంతా ఆ మంచం గురించే. పేరు గురించి అనుకుని చదవడం మొదలుపెట్టినవాళ్ళు క్షమించాలి. రెండూ ఒకటే అయిపోయాయి.

అక్క నాకంటే మూడేళ్ళు పెద్ద. మాది వడమాలపేటకు రెండు మైళ్ళ లోపల ఒక పల్లె. వేరుశనగ పండించేవాళ్ళం. మొదటి ఆడబిడ్డకు నాయనను కన్న తల్లి పేరు పెట్టడం మా ఇంటి వాడుక. మా అవ్వ పేరు అలివేలు మంగమ్మ. బారసాల రోజు పళ్ళెంలో బియ్యం పోసి నాయన ఉంగరంతో ఆ పేరు రాశాడట. తర్వాత బిడ్డ చెవిలో చెప్పాలి. అక్కడ వచ్చింది చిక్కు. అమ్మ అత్తపేరు నోట పలకకూడదు. ఆ అత్త ఎదురుగా పీట మీద కూర్చుని, కోడలు ఎట్లా పలుకుతుందో చూద్దామని చెవులు రిక్కించి ఉంది. చివరికి పక్కింటి పెద్దమ్మను పిలిచి చెప్పించారు. సాయంత్రం ఆ బియ్యం పొంగలి పెట్టి ఇంటిల్లిపాదీ తిన్నారు. పేరు అట్లా కడుపుల్లోకి పోయింది. మళ్ళీ బయటికి రాలేదు.

అమ్మ బిడ్డను పాపా అనేది. అమ్మ అంటే నాయన అన్నాడు, నాయన అంటే ఊరంతా అన్నది. కొన్ని ఇళ్ళలో కోడళ్ళు కూతుళ్ళకు అత్తపేరు ముచ్చటపడి పెట్టుకుంటారని విన్నాను. బిడ్డను తిడుతున్నట్టు అత్తను తిట్టవచ్చునట. మా అమ్మకు ఆ వీలు ఉంది గానీ వాడుకునే ధైర్యం లేదు. మా అవ్వకు పేరులోని వేలు బాగా కుదిరింది. అది ఎప్పుడూ మా అమ్మ వైపే చూపిస్తూ ఉండేది. "నా పేరు పెట్టినారంట, పిలిచేదానికి ఒకరికీ నోరు ల్యా. బియ్యం దండగ" అనేది అవ్వ.

రెండేళ్ళు వీధిబడికి పోయినప్పుడు అయ్యవారు అక్కను పాపమ్మ అని రాసుకున్నాడు. పాపమ్మలో పాపం ఉందని నేను ఏడిపిస్తే, నీ పేరులో అది కూడా లేదు పోరా అనేది. పదిహేడో ఏట చిత్తూరులో బెల్లం మండీ వాళ్ళకు ఇచ్చారు. సగం తెలుగు, సగం అరవం మాట్లాడే ఇల్లు. అత్తగారి పేరు అలమేలు. అత్తా కోడళ్ళకు ఒకే పేరు ఉంటే మొగుడు పెళ్ళాన్ని పిలిచినప్పుడల్లా తల్లిని పిలిచినట్టు కాదా? గడపలోనే కొత్త పేరు పెట్టి లోపలికి తీసుకున్నారు, పద్మ అని. పద్మ అంటే తామరపువ్వు, వాళ్ళు నిన్ను పువ్వును చేశారని ఒకసారి అక్కతో అన్నాను. అక్క బియ్యం ఏరుతూ, "పువ్వయితే ఏం బాగుండాదిరా? పొద్దున పెట్టుకుంటారు, సందేళకు పారేస్తారు" అంది. నాకంటే తనకే మాట బాగా తిరిగేది. చదువు నాకు చెప్పించారు.

యుద్ధం ఆఖరి దశలో ఉండగా అక్క పుట్టింటికి వచ్చింది. గాలి మారితే దగ్గు తగ్గుతుందని చిత్తూరు వాళ్ళు పంపించారు. అమ్మ అక్క తుండుగుడ్డలు వేరుగా ఉతికేది, పెరట్లో కనబడని చోట ఆరేసేది. మా ఇంట్లో ఆడవాళ్ళు పలకకూడని పేర్లు అదివరకు రెండే, మొగుడి పేరు, అత్త పేరు. ఇప్పుడు జబ్బు పేరుతో మూడయ్యాయి. దాన్ని నాయన కూడా పలకలేదు. అది పలికితే చిత్తూరుకు వినబడుతుందని భయం. వినబడితే వాళ్ళు ఇంకో పిల్లను తెచ్చుకుంటారు. పలమనేరులో ఎవరినో చూసి ఉంచారని అప్పటికే ఒక పుకారు.

తిరుచానూరు మొక్కు అని ఊళ్ళో చెప్పి నాయన అక్కను రైల్లో పాకాల మీదుగా మదనపల్లె వైపు తీసుకుపోయాడు. అక్కడ డాక్టరు చూసి, ఒక పక్క ఊపిరితిత్తే చెడిందని, ఏడాది పాటు కదలకుండా పడుకుని, వాళ్ళు చెప్పిన తిండి తిని, చెడిన ఊపిరితిత్తికి విశ్రాంతిగా వాళ్ళు సూదితో ఎక్కించే గాలి ఎక్కించుకుంటే లేచి తిరుగుతుందని చెప్పాడు. అయితే మంచం ఖాళీ లేదు. దరఖాస్తు పెట్టి పొమ్మన్నారు. ఖాళీ అయినప్పుడు రిజిస్టరు కవరు వస్తుంది. అందిన పదిరోజుల్లో రావాలి. రాకపోతే మంచం తర్వాతి వాళ్ళకు పోతుంది.

గుమాస్తా రోగి పేరు అడిగాడు. నాయన ఆలోచించాడు. పద్మ అంటే చిత్తూరుకు తెలుస్తుంది. పాపమ్మ అంటే ఊరికి తెలుస్తుంది. ఎవరూ పిలవని, ఎవరికీ గుర్తులేని పేరు ఒక్కటే మిగిలింది, అసలుది. దాచిపెట్టడానికి మా నాయనకు దొరికిన మారుపేరు అదే. గుమాస్తా అరవ దేశం వాడు కాబోలు, అలమేలు మంగమ్మాళ్ అని టైపు కొట్టుకున్నాడు. అక్క అప్పుడు బయట వరండాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఏ పేరు రాయించాడో నాయన ఆమెకు చెప్పలేదు, అడగాలని ఆమెకూ తోచలేదు. ఇంటికి వచ్చి అమ్మకు ఒక్కదానికి చెప్పాడు. నాకు ఏదీ చెప్పలేదు, దరఖాస్తు సంగతి కూడా. చెబితే నేను దాని వ్యుత్పత్తి వివరిస్తూ ఊరంతా తిరుగుతానని భయం. ఆ భయంలో తప్పేమీ లేదు.

ఇక్కడ మా అవ్వ చింతచెట్టు గురించి చెప్పాలి. చంద్రగిరి దగ్గర అవ్వ పుట్టిన ఊళ్ళో ఒక చింతచెట్టు కోసం అవ్వకూ ఆమె అన్న కొడుకులకూ వ్యాజ్యం నడిచింది. ప్లీడరు నోటీసులు రిజిస్టరు కవర్లలో వచ్చేవి. సంతకం పెట్టి తీసుకుంటే చెట్టు పోయినట్టే అని అవ్వకు ఎవరో చెప్పారు. అందువల్ల పోస్టుమాన్ సైకిలు గంట వినబడగానే అవ్వ వడ్ల గాదె వెనక్కు పోయేది, మేము ఊళ్ళో లేదని చెప్పేవాళ్ళం. ఒకసారి గాదె వెనకనుంచే "చెప్పినావా?" అని అడిగింది, పోస్టుమాన్ నవ్వి వెళ్ళిపోయాడు. అవ్వ పోయాక కూడా ఆమె పేరున రెండు కవర్లు వచ్చాయి. నాయన విసుగెత్తి, "ఇంక ఎప్పుడొచ్చినా ముసిలామె పోయిందని చెప్పి అట్లే పంపించెయ్యండి" అని ఇంట్లో అందరికీ చెప్పాడు. నేను తండ్రి మాట జవదాటని కొడుకును. చదువు విషయంలో తప్ప.

ఆ ఎండాకాలం సెలవులకు ఇంటికి వచ్చాను. ఒకరోజు నాయన కిరసనాయిలు పర్మిట్టు కోసం పుత్తూరు పోయాడు. అమ్మ చేనికి సంగటి తీసుకుపోయింది. అక్క వెనక వసారాలో పడుకుని ఉంది. నేను వీధి తిన్నె మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. పోస్టుమాన్ నడిచి వచ్చాడు. సైకిలు టైర్లు దొరక్క ఆ ఏడంతా నడకే.

"ఏమి అయ్యోరూ, సదువుతా ఉండావా, నిద్రపోతా ఉండావా?"

"రెండూ చేస్తా ఉండా."

"మీ ఇంట్లో అలమేలు మంగమ్మాళ్ ఎవురప్పా?"

"మంగమ్మాళ్ కాదు, మంగమ్మ. మా అవ్వ."

"ముసిలామెకా? ఆమె పోయి మూడేండ్లు కాలే?"

"నాలుగు."

"మల్లా సింతసెట్టేనా?"

"చింతచెట్టే. యాడినుంచి వచ్చింది?"

అతను కవరు ఎండకు ఎత్తి పట్టుకుని చూశాడు. "మదనపల్లె మాదిరి ఉండాది. ముద్ర సరిగా పళ్ళేదు."

"ప్లీడరు కాపరం మార్చినట్టుండాడు" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

"ఏం సెట్టప్పా అది! సచ్చినోళ్ళను గూడా ఇడిసిపెట్టదు" అని అతను తిన్నె మీద కూలబడ్డాడు. "సరే, పోయిందని నువ్వే రాసి సంతకం పెట్టు. ఇంగిలీసులో రాయాల. నా ఇంగిలీసు ఈ కవరుకు సాలదు."

నా ఇంగ్లీషూ చాలదు. చనిపోయినవాళ్ళను డిసీస్డ్ అనాలా, డిసీజ్డ్ అనాలా అని అనుమానం వచ్చింది. జబ్బుపడ్డవాళ్ళకూ చచ్చిపోయినవాళ్ళకూ ఆ భాషలో ఒక్క బుసకొట్టినంత తేడా. లోపలికి పోయి నిఘంటువు తీసి చూసి వచ్చి, గుండ్రటి అక్షరాలతో తప్పు లేకుండా రాశాను. ఇంగ్లీషులో నేను తప్పు లేకుండా రాసింది ఆ ఒక్కసారే. తప్పు రాసి ఉంటే నిజమయ్యేది.

అంతటితో ఊరుకున్నానా? లేదు. కలం మూత పెడుతూ, "ఈ పేరుకు అర్థం తెలుసునా నీకు?" అని అడిగాను.

"పేరుకు అర్థమేందప్పా? మా ఆడోళ్ళది గూడా ఇదే పేరు. అర్థమడిగితే గరిటె ఎత్తుతాది."

నేను అలర్ అన్నాను, మేల్ అన్నాను, మంగై అన్నాను. చేతులతో పువ్వు విచ్చుకోవడం చూపించాను. పువ్వు మీద కూర్చున్న పడుచు అని గొంతెత్తి చెప్పాను. అతను ఓపికగా విన్నాడు, నీడ చల్లగా ఉంది మరి.

"బాగానే ఉండాది గానీ, పడుసు కూసుంటే పువ్వు నలిగిపోదా?"

ఆ ప్రశ్నకు నేను పడీపడీ నవ్వాను. లోపలినుంచి దగ్గు వినిపించింది.

"ఎవురది?"

"మా అక్క. పడిశెం."

"జాగర్తప్పా, ఎండాకాలం పడిశెం మంచిది కాదు" అని కవరు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం నాయనకు చెబుదామనుకున్నాను. కిరసనాయిలు దొరకలేదని ఆయన చిరాగ్గా ఉన్నాడు. చింతచెట్టు మాట ఎత్తి ఇంకా చిరాకు పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

తర్వాతి రోజుల్లో నాయన పొలం నుంచి పెందలాడే వస్తున్నాడు. వచ్చీరాగానే, "టపా ఏమన్నా వచ్చిందా?" అని అడుగుతున్నాడు. అమ్మ కూడా వాకిట్లో నిలబడి వీధి చివరికి చూస్తూంది. నాకోసం ఎక్కడో సంబంధం చూస్తున్నారేమో, ఆ జాబు కోసం ఎదురుచూస్తున్నారేమో అని నాలో నేను మురిసిపోయాను. అక్క కూడా అడిగేది, "ఒరే అబ్బోడా, పోస్టాయన వచ్చినాడా?" అని. చిత్తూరు నుంచి ఉత్తరం కోసం అనుకున్నాను. "పెనిమిటి మీద బెంగా?" అని ఏడిపించాను కూడా. అక్క నా వైపు చూసి నవ్వింది. బిడ్డ ఏదో వాగితే పెద్దవాళ్ళు నవ్వినట్టు.

ఇరవై రోజులయ్యాక నాయన వడమాలపేట పోస్టాఫీసుకే పోయి అడిగాడు. పోస్టుమాన్ చెప్పాడట, "వచ్చింది గదన్నా, ముసిలామెకు. మీ వాడే పోయిందని రాసిచ్చినాడు. అర్థం గూడా సెప్పినాడు" అని.

నాయన ఇంటికి వచ్చి తిన్నె మీద కూర్చున్నాడు. తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పరుచుకున్నాడు. నన్ను కొడతాడనుకోలేదు, ఎందుకంటే ఏం తప్పు చేశానో నాకే తెలియదు.

"ఎవురు పోయిందని రాసినావురా?"

"అవ్వ."

"అవ్వా?"

"అలివేలు మంగమ్మ అంటే అవ్వ గదా నాయనా. నువ్వే గదా పంపించెయ్యమన్యావు."

ద్వారబంధం పట్టుకుని నిలబడిన అమ్మ ఒక్కసారిగా, "అలివేలంటే మన పాప గదరా!" అంది.

ఆ పేరు అమ్మ నోట ఇరవై మూడేళ్ళలో రావడం అదే మొదటిసారి. అన్న మరుక్షణం ఆమె బెదిరిపోయి రెండు చెంపలూ వేసుకుంది, చచ్చిపోయిన అత్తకు. వేసుకుంటూ వేసుకుంటూనే కింద కూర్చుని ఏడ్చింది.

మర్నాడు నాయనా నేనూ బయలుదేరాం. పాకాలలో బండి మారి, ఆ పైన స్టేషన్లో దిగి, బొగ్గు పొగతో నడిచే బస్సులో ఆస్పత్రి చేరాం. గుమాస్తా మర్యాదస్థుడు. దస్త్రం తీసి చూపించాడు. అలమేలు మంగమ్మాళ్ అనే పేరు మీద స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. పక్కన గుండుసూదితో నా కవరు. నా గుండ్రటి అక్షరాలు.

"పోయిందని మీరే రాసిచ్చినారు గదా?"

"బతికే ఉండాది సామీ" అన్నాడు నాయన. "మావాడు పొరపాటున రాసినాడు."

"అయ్యో. పొరపాటున ఎట్ల రాసినాడు? అక్క పేరు తెలీదా?"

నాయన నా వైపు చూశాడు. పరీక్షల్లో ఎన్నో ప్రశ్నలకు జవాబు తెలియక తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను. అప్పుడు ఎన్నడూ ఇంత కష్టం కలగలేదు. "దాని అర్థం తెలుసు సార్" అన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. గుమాస్తా పాపం నవ్వలేదు.

మంచం పదిరోజులు ఖాళీగా ఉంచలేదు. కవరు తిరిగి వచ్చిన నాడే తర్వాతి పేరుకు ఇచ్చేశారు. వాళ్ళది న్యాయమే, బతికున్నవాళ్ళు చాలామంది వరుసలో ఉన్నారు. బయటికి వస్తూ దారిలోనుంచి ఆడవాళ్ళ వరండా చూశాను. వరసగా ఇనప మంచాలు, తెల్ల దుప్పట్లు. ఒక మంచం మీద అనంతపురం వైపు మనిషి లాగుంది, ఎండలో కాళ్ళు చాపుకుని తల దువ్వుకుంటూంది. అదే ఆ మంచమో కాదో నాకు తెలియదు. ఆమె బాగుపడాలని కోరుకోవడానికి నాకు మనసు రాలేదు. ఆ సంగతి కూడా రాసిపెట్టాలి.

నాయన మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఈసారి దాపరికం ఏమీ లేకుండా పద్మ అని రాయించాడు. వరుసలో ఆఖరు. వానలు మొదలయ్యాక అక్కను ఇంకోసారి తీసుకుపోయి చూపించారు. రెండో పక్క కూడా చెడిందని, ఇంక మంచం ఉన్నా వాళ్ళు చేసేది లేదని, ఇంట్లోనే పాలూ గుడ్లూ ఇమ్మని డాక్టరు చెప్పాడు. చిత్తూరు వాళ్ళకు ఎట్లాగో తెలిసింది. పలమనేరు పిల్లను చేసుకున్నారు. ఆ పిల్ల పేరు ఏమో, పేరు మార్చారో లేదో నేను అడగలేదు.

కవరు సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు. మంచం ఖాళీ కాలేదనే చెప్పారు. నేనే ఉండబట్టలేక దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం వసారాలోకి పోయి చెప్పేశాను. చెప్పడానికి ముందు చాలా సిద్ధపడ్డాను, వాక్యాలు కూడా అమర్చుకున్నాను. చెప్పేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు. అక్క గోడకు ఆనుకుని కూర్చుని అంతా వింది. మధ్యలో నవ్వింది, నవ్వితే దగ్గు వచ్చింది, దగ్గు ఆగేదాకా చెయ్యి పైకెత్తి నన్ను ఆపింది.

"ఆ పొద్దు నేను మేలుకొనే ఉండాను రా" అంది.

"విన్యావా?"

"మదనపల్లె అనింది వినబళ్ళేదు గానీ, నువ్వు గొంతెత్తి చెప్పిందంతా విన్యా. పువ్వు అంటివి, పైన అంటివి, పడుసు అంటివి. మావోడు ఎంత బాగా చెప్తా ఉండాడే అనుకొన్యా. అవ్వ పేరుకు ఇంత ఉండాదా, ముసిలిదానికి తెలీకుండానే పాయనే అనుకొన్యా."

"అది నీ పేరక్కా."

"అవునంట గదా" అని దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "పోస్టాయన వాకిట్లో నిలబడి నా పేరు చెప్పి అడిగినాడు. నేను ఈడనే ఉండాను. పలకాల్సింది నేను గదరా. నేనే పలకలేదు. నువ్వేం చేస్తావు?"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నన్ను ఓదార్చడం ఆమెకు చిన్నప్పటినుంచీ అలవాటైన పని, ఆ పూట కూడా అదే చేసింది. తర్వాత అంది, "ఒకసారి పిలువు, ఎట్లుంటాదో చూస్తా."

"అక్కను పేరు పెట్టి ఎట్ల పిలిచేది?"

"చచ్చిపోయిందని రాసేదానికి లేని మర్యాద ఇప్పుడెందుకు? పిలువు."

అలివేలూ అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఆమె తల పక్కకు వంచి, దూరంగా ఎక్కడో ఏదో శబ్దమైతే విన్నట్టు విన్నది.

"మల్లా."

మళ్ళీ పిలిచాను.

"ల్యా అబ్బోడా. పక్కింటి వాళ్ళనెవురినో పిలుస్తా ఉన్నట్టుండాది. వద్దులే. పోయి రోంత నీళ్ళు తీసుకోని రా."

అక్క ఆ ఏడు పుష్యమాసం దాకా ఉండలేదు. ఆ నీళ్ళకోసం నేను వంటింట్లోకి పోయి కుండలో చెంబు ముంచుతూ ఉండగా, వసారాలోనుంచి ఆమె మెల్లగా ఆ పేరు పలుక్కోవడం వినబడింది. ఒకసారి అలమేలు అంది. ఇంకోసారి అలివేలు అంది. ఏది తనదో తేల్చుకోలేనట్టుంది. ఇంతలో దగ్గు అందుకుంది.